కార్డు ఉంది, పాస్‌పోర్టు లేదు: బార్సిలోనా గేటు దగ్గర ఆగిన ప్రయాణం

2025 జూన్‌లో ఒక ఆదివారం రాత్రి 8.40కి నా ఫోన్ మోగింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను నడిపే ట్రావెల్ ఏజెన్సీకి ఆ వేళప్పుడు వచ్చే ఫోన్లు సాధారణంగా రెండే రకాలు: విమానం రద్దయిందని ఒకటి, సామాను రాలేదని మరొకటి. ఇది ఆ రెండింటిలో ఏదీ కాదు. "సార్, బార్సిలోనాలో గేటు దగ్గర ఆపేశారు. పాస్‌పోర్టు కావాలంటున్నారు, కార్డు చూపిస్తే కుదరదంటున్నారు. ఇంకో 20 నిమిషాల్లో గేటు మూసేస్తారట" అని అవతలి గొంతు గబగబా చెప్పింది. "పాస్‌పోర్టు ఎక్కడుంది?" అని అడిగాను. మూడు వారాల కిందట, ప్యాకేజీ అమ్మిన రోజున అడిగి ఉండవలసిన ప్రశ్న అది. "ఐర్లండ్ వీసా కోసం పంపేశాను సార్" అన్నారాయన.

ఆ కుటుంబం అనుమతితో, వారిని గుర్తుపట్టగల వివరాలు తీసేసి ఈ కేసును రాస్తున్నాను. ఇందులో మా ఏజెన్సీ తప్పు కూడా ఉంది. ఆ తప్పును పక్కనపెట్టి మిగతాదంతా రాస్తే చదివేవారికి పెద్దగా ఉపయోగం ఉండదు కాబట్టి దాన్నీ రాస్తున్నాను.

ప్రయాణికుడు గుంటూరు జిల్లా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. భారతీయ పాస్‌పోర్టుతో, జర్మనీ ఇచ్చిన బ్లూ కార్డుతో (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే రెసిడెన్స్ కార్డు) మూడేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నారు. ఆయన తమ్ముడు డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఆగస్టులో భార్యతో కలిసి తమ్ముడి దగ్గరకు వెళ్లాలనుకుని, మే నెలాఖరులో ఇద్దరి పాస్‌పోర్టులనూ ఐర్లండ్ వీసా దరఖాస్తులతో పాటు పంపారు. ఆ మధ్యలోనే ఆఫీసు మిత్రుడొకరు బార్సిలోనా వెళదామని అడిగారు. విమానం, హోటల్ కలిపి మూడు రాత్రుల ప్యాకేజీని ఇద్దరూ మా దగ్గరే కొన్నారు. మిత్రుడి పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. మా క్లయింటు జేబులో మాత్రం జర్మన్ రెసిడెన్స్ కార్డు, జర్మన్ డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు మొదటి పేజీ కలర్ జిరాక్సు, ఫోన్‌లో ఆధార్ ఉన్నాయి.

వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో పాస్‌పోర్టు నంబరు అడిగితే జిరాక్సు చూసి కొట్టారు, సిస్టమ్ తీసుకుంది. ఆ పుస్తకం మనిషి చేతిలో ఉందో లేదో సిస్టమ్‌కు తెలిసే దారి లేదు. చేతి సామానే కాబట్టి కౌంటరుకు వెళ్లే పని పడలేదు. సెక్యూరిటీ దగ్గర బోర్డింగ్ పాస్ స్కాన్ చేశారు, గేటు దగ్గర మళ్లీ అదే స్కాన్ చేశారు. బార్సిలోనాలో దిగాక పాస్‌పోర్టు కంట్రోల్ అనే గది కూడా తగలకుండా నేరుగా బయటకు నడిచారు. హోటల్ రిసెప్షన్‌లో కార్డు చూసి నంబరు రాసుకున్నారు. "ఇన్ని చోట్ల ఎవరూ పాస్‌పోర్టు అడగకపోతే ఇక అవసరం లేదనే కదా సార్ అనుకుంటాం" అని తర్వాత ఆయన అన్నప్పుడు నాకు ఎదురు చెప్పాలనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో గేటు దగ్గర ఉద్యోగిని ఒక్కొక్కరి చేతిలోని పత్రాన్ని తీసుకుని, అందులోని పేరును బోర్డింగ్ పాస్‌లోని పేరుతో సరిచూస్తోంది. మా క్లయింటుకు ముందు నిలబడ్డ జర్మన్ దంపతులు తమ జాతీయ గుర్తింపు కార్డులు చూపించి లోపలికి వెళ్లారు. వెనకే ఈయన ఇంచుమించు అదే పరిమాణంలో, చిప్పుతో, ఫొటోతో ఉన్న తన జర్మన్ కార్డు చాచారు. ఆమె దాన్ని తిప్పి చూసి "పాస్‌పోర్ట్?" అంది. లైసెన్స్ ఇస్తే తల అడ్డంగా ఊపింది. చివరికి ఫోన్‌లో ఆధార్ తెరిచి చూపించారు. ఒక్క క్షణం తెర మీది తెలుగు అక్షరాల వంక చూసి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

ఆధార్ చూపించడం వెనక ఆయనకొక తర్కం ఉంది. అది నా దగ్గరకు వచ్చే చాలామంది తర్కం కూడా. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే విమానానికి ఆధార్ చాలు, ఎందుకంటే అది దేశం లోపలి విమానం. షెంగెన్ ఒప్పందంలో చేరిన యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీ లేదు కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బార్సిలోనా వెళ్లేది కూడా ఒక విధంగా లోపలి విమానమే. కాబట్టి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన కార్డు ఏదైనా సరిపోవాలి. ఈ తర్కంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. సరిహద్దు దగ్గర అధికారి నిలబడి తనిఖీ చేస్తాడా అన్నది మొదటి ప్రశ్న. ఒక దేశం నుంచి ఇంకొక దేశానికి వెళ్లే విదేశీయుడి దగ్గర ఏ పత్రం ఉండి తీరాలన్నది రెండోది. షెంగెన్ ఒప్పందం మార్చింది మొదటిదాన్నే.

1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ ఊరి దగ్గర మోసెల్ నదిలో ఒక పడవ మీద ఐదు దేశాలు సంతకం చేసిన ఒప్పందం, 1995 మార్చి 26 నుంచి అమల్లోకి వచ్చి, ఇప్పుడు 29 దేశాలకు వర్తిస్తోంది. ఈ ప్రాంతపు సరిహద్దు నియమావళి, అంటే 2016/399 నంబరు నిబంధన, తన 22వ అధికరణంలో అంతర్గత సరిహద్దులను ఎవరైనా, ఏ దేశస్థులైనా, ఎక్కడినుంచైనా తనిఖీ లేకుండా దాటవచ్చునని చెబుతుంది. దీన్ని అందరూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. వెంటనే వచ్చే 23వ అధికరణాన్ని చదివినవారు తక్కువ. తనిఖీ లేకపోయినా పోలీసుల అధికారాలు అలాగే ఉంటాయనీ, విమానాశ్రయాల్లో అధికారులో విమాన సంస్థలో చేసే భద్రతా తనిఖీలకు అడ్డు లేదనీ, పత్రాలు వెంట ఉంచుకోవాలని సభ్యదేశాలు చట్టం చేసుకోవచ్చనీ అందులో ఉంది.

యూరప్ పౌరులకు కూడా ఇందులో పూర్తి మినహాయింపు లేదు. 2015లో ఒక ఫిన్లాండ్ పౌరుడు విహార పడవలో ఎస్టోనియా వెళ్లి తిరిగి వచ్చాడు. పాస్‌పోర్టు వెంట లేనందుకు అతని మీద కేసు పెట్టారు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2021 అక్టోబరు 6న ఇచ్చిన తీర్పులో, పత్రం వెంట ఉండాలని కోరడం, లేకపోతే శిక్ష వేయడం తప్పు కాదంది. నెల ఆదాయంలో 20 శాతం జరిమానా మాత్రం నేరానికి మించిన శిక్ష అంది. సొంత పౌరుడికే అలా ఉన్నప్పుడు భారతీయ పాస్‌పోర్టుతో ఇక్కడ ఉంటున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మా క్లయింటుకు నేరుగా వర్తించే సూత్రం, 1985 ఒప్పందాన్ని అమలు చేయడానికి తర్వాత చేసుకున్న షెంగెన్ అమలు ఒప్పందంలోని 21వ అధికరణంలో ఉంది. ఒక సభ్యదేశం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ ఉన్న విదేశీయుడు, ఆ పర్మిట్‌తోనూ, చెల్లుబాటులో ఉన్న ప్రయాణ పత్రంతోనూ మిగతా సభ్యదేశాల్లో ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చు. ఇక్కడ "పర్మిట్‌తోనూ, పాస్‌పోర్టుతోనూ" అని ఉంది కానీ ఏదో ఒకటి చాలని లేదు. అంటే ఈయన గేటు దగ్గర ఆగినప్పుడే నియమం తప్పలేదు, గురువారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం ఎక్కిన క్షణంలోనే తప్పింది. ఆ రోజు అడిగినవారు లేరు, అంతే.

జర్మన్ చట్టం దీన్ని ఇంకొంచెం సూక్ష్మంగా చూస్తుంది. జర్మనీలో ఉండే విదేశీయులు చెల్లే పాస్‌పోర్టు కలిగి ఉండాలి. రెసిడెన్స్ కార్డు అసలు గుర్తింపు పత్రమే కాదు, ఉండే హక్కుకు రుజువు మాత్రమే. పాస్‌పోర్టు పొందలేని కొందరికి ఇచ్చే కార్డు మీద "ఔస్‌వైస్‌ఎర్జాట్స్" అని, అంటే గుర్తింపు పత్రానికి బదులు అని ముద్రిస్తారు. ఆ మాట ఉన్నప్పుడే కార్డు జర్మనీ లోపల గుర్తింపు పత్రంగా చెల్లుతుంది, అప్పుడు కూడా దేశం దాటడానికి పనికిరాదు. ఈ సంగతి చెప్పాక క్లయింటు తన కార్డును వెనకా ముందూ తిప్పి ఆ మాట కోసం వెతికారు. లేదు. ఉద్యోగం మీద వచ్చినవారి కార్డుల మీద అది ఉండదు.

గేటు ఉద్యోగిని చేసింది మొరటుగా అనిపించినా తప్పని నేను అనలేను. షెంగెన్ లోపలి విమానాల్లో పత్రాల తనిఖీ సంస్థను బట్టి, దేశాన్ని బట్టి, ఒక్కోసారి ఆ రోజు గేటు దగ్గర ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. జర్మన్ విమానాశ్రయాల్లో చాలాసార్లు బోర్డింగ్ పాస్ తప్ప మరేదీ చూడరు, స్పెయిన్‌లో అప్పట్లో గేటు దగ్గర పేరు సరిపోల్చడం మామూలుగా ఉండేది. ఐరోపాయేతర ప్రయాణికుల పాస్‌పోర్టును ముందే కౌంటరులో చూపించి తీరాలని షరతు పెట్టే చవక విమాన సంస్థలు కూడా ఉన్నాయి. అందుకే "మా స్నేహితుడు కార్డుతోనే పోయి వచ్చాడండీ" అని ఎవరైనా అంటే నేను కాదనను. ఆయన నిజంగానే పోయి వచ్చి ఉంటారు.

గేటు మూసేశారు. మిత్రుడు వెళ్లిపోయారు. రాత్రి 9.30 నుంచి 11 దాకా ఫోన్‌లో ఇద్దరం మిగిలిన దారులు ఒక్కొక్కటే చూశాం. ఎవరో చెప్పారని క్లయింటు మొదట అన్నది, పాస్‌పోర్టు పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి భారత కాన్సులేట్‌లో అత్యవసర పత్రం తీసుకుందామని. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన ఆలోచన. పోని పాస్‌పోర్టును పోయిందని రాసిస్తే అది తప్పుడు ఫిర్యాదు. పోయినట్టు నమోదైన పాస్‌పోర్టుల నంబర్లు ఇంటర్‌పోల్ జాబితాకు చేరతాయి. తర్వాత అదే పుస్తకం ఐర్లండ్ వీసాతో చేతికొచ్చినా ఏ సరిహద్దులోనూ పనికిరాదు, వీసా కూడా దానితోనే పోతుంది. పైగా భారత ప్రభుత్వం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ భారతదేశానికి తిరిగి వెళ్లడానికి మాత్రమే పనికొస్తుంది, ఫ్రాంక్‌ఫర్ట్‌కు కాదు. ఈ మాట చెప్పగానే ఆ ఆలోచన మానుకున్నారు.

వీసా దరఖాస్తును వెనక్కి తీసుకుని పాస్‌పోర్టును కొరియర్‌లో స్పెయిన్‌కు తెప్పించుకోవడం రెండో దారి. చట్టరీత్యా అన్నిటికంటే శుభ్రమైనది అదే. కానీ వారం పైన పడుతుంది, డబ్లిన్ ప్రయాణం పోతుంది, హోటల్ ఖర్చు పెరుగుతుంది, పాస్‌పోర్టు రెండు దేశాల తపాలా చేతుల్లో ఉంటుంది. ఇంకొక విమాన సంస్థ టికెట్ కొని అదృష్టం పరీక్షించుకుందామా అని కూడా ఆయన అడిగారు. అదే విమానాశ్రయంలో అదే ప్రశ్న మళ్లీ ఎదురవుతుందని తెలిసి ఇంకో టికెట్ అమ్మడానికి నాకు మనసొప్పలేదు.

మిగిలింది రైలు. ఇక్కడ నేను చెప్పిన మాటలు యథాతథంగా రాస్తాను, ఎందుకంటే ఈ కేసు విన్నవారిలో కొందరు "అయితే రైలులో పాస్‌పోర్టు అక్కరలేదన్నమాట" అని అర్థం చేసుకున్నారు. "రైలులో వెళ్లినా నియమం అదే. పాస్‌పోర్టు లేకుండా సరిహద్దు దాటుతున్నారు, పోలీసులు ఆపితే ప్రశ్నిస్తారు, జరిమానా వేయొచ్చు, దించేయొచ్చు. విమానంతో పోలిస్తే తేడా ఒక్కటే. అక్కడ నిర్ణయం విమాన సంస్థ ఉద్యోగిది, ఆమె ముందు కార్డు తప్ప ఏమీ లేదు. ఇక్కడ పోలీసుకు మీ కార్డు అసలైనదో కాదో, మీరు ఎవరో కనుక్కునే వీలుంటుంది. నిర్ణయం మీదే, నేను వెళ్లమనడం లేదు." ఆయన వెళ్లడానికే నిర్ణయించుకున్నారు. దరఖాస్తు అందినట్టు వచ్చిన రసీదు మెయిల్‌ను, పాస్‌పోర్టు జిరాక్సును, ఉద్యోగ ఒప్పందం మొదటి పేజీని ఆ రాత్రే హోటల్‌లో ప్రింటు తీసి పెట్టుకోమన్నాను. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను.

సోమవారం ఉదయం బార్సిలోనా శాంట్స్ స్టేషన్‌లో పారిస్ వెళ్లే టీజీవీలో, అంటే ఫ్రెంచి హైస్పీడ్ రైలులో సీటు దొరికింది. ఫిగేరస్ దాటి, పిరనీస్ కొండల కింది సొరంగం గుండా రైలు ఫ్రాన్స్‌లోకి వచ్చి పెర్పిన్యాన్‌లో ఆగినప్పుడు ముగ్గురు ఫ్రెంచి సరిహద్దు పోలీసులు ఎక్కారు. బోగీ మొత్తంలో నలుగురిని పత్రాలు అడిగితే వారిలో ఈయన ఒకరు. కార్డు, రసీదు, జిరాక్సు వరసగా ఇచ్చారు. వారిలో ఒకామె కార్డును వెలుతురుకు ఎత్తి చూసి, నంబరు ఫోన్‌లో చదివి వినిపించి, జిరాక్సులోని పుట్టిన తేదీని కార్డులోని తేదీతో వేలు పెట్టి సరిచూసింది. పది నిమిషాల తర్వాత కార్డు తిరిగి ఇస్తూ, ఇక మీదట పాస్‌పోర్టు లేకుండా జర్మనీ దాటవద్దని చెప్పి వెళ్లిపోయింది. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ నుంచి గార్ ద లెస్త్ స్టేషన్‌కు మారి, సాయంత్రం బండిలో ఫ్రాంక్‌ఫర్ట్ చేరారు. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నిటి మీదా తాత్కాలిక తనిఖీలు పెట్టింది కాబట్టి ఫ్రాన్స్ సరిహద్దు పక్కనున్న జర్మన్ నగరం జార్‌బ్రుకెన్ దగ్గర ఇంకోసారి ఆపుతారని అనుకున్నాం. బోగీలోకి వచ్చిన జర్మన్ పోలీసు కార్డు చూసి ముందుకు వెళ్లిపోయాడు. రైలు ఖర్చు పోగొట్టుకున్న విమానం టికెట్‌కు దాదాపు మూడు రెట్లు అయింది.

పరిహారం సంగతి

బుధవారం ఆయన మా ఆఫీసుకు వచ్చి, విమానం ఎక్కనివ్వనందుకు పరిహారం రాదా అని అడిగారు. విమాన ప్రయాణికుల హక్కుల మీద యూరోపియన్ యూనియన్ చేసిన 261/2004 నిబంధన ప్రకారం, ప్రయాణికుడి ఇష్టానికి వ్యతిరేకంగా ఎక్కనివ్వకపోతే 1500 కిలోమీటర్ల లోపు దూరానికి 250 యూరోలు ఇవ్వాలి. బార్సిలోనా, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మధ్య దూరం దాని లోపే. అయితే ఆరోగ్యం, భద్రత, తగిన ప్రయాణ పత్రాలు లేకపోవడం వంటి సహేతుకమైన కారణాలుంటే దాన్ని ఎక్కనివ్వకపోవడంగా లెక్కించరని ఆ నిబంధన నిర్వచనంలోనే ఉంది.

ఈ విషయంలో 2020 ఏప్రిల్ 30 నాటి ఒక తీర్పును నేను ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాను. సైప్రస్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న ఒక కజకిస్తాన్ పౌరుడు 2015లో లార్నాకా నుంచి బుకారెస్ట్ వెళ్లబోతే విమాన సంస్థ ఎక్కనివ్వలేదు. అప్పటికి సైప్రస్, రొమేనియా రెండూ షెంగెన్ బయటే ఉన్నాయి, కానీ సైప్రస్ పర్మిట్ ఉన్నవారికి రొమేనియా వీసా అక్కరలేదనే ఏర్పాటు ఐరోపా చట్టంలో ఉంది. పత్రాలు చాలవని విమాన సంస్థ అన్నంత మాత్రాన ప్రయాణికుడు హక్కు కోల్పోడనీ, ఆ కారణం సహేతుకమో కాదో కోర్టు చూడాలనీ యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. విమాన సంస్థ మాటే చివరి మాట కాదని చెప్పిన తీర్పు కాబట్టి అది చాలామందికి పనికొస్తుంది. మా క్లయింటుకు మాత్రం పనికిరాదు. అక్కడి ప్రయాణికుడి దగ్గర ఉండవలసిన పత్రాలు ఉన్నాయి, సంస్థ వాటిని తప్పుగా అర్థం చేసుకుంది. ఇక్కడ చట్టం అడిగిన రెండు పత్రాల్లో ఒకటి అసలు లేదు. కాబట్టి దరఖాస్తు పెట్టవద్దనే చెప్పాను. ఆయనకు నచ్చలేదు. ఇంకొకరిని కూడా అడిగారట, వారూ అదే చెప్పారట.

మా తప్పు

విమానం, హోటల్ కలిపి అమ్మితే అది చట్టప్రకారం ప్యాకేజీ అవుతుంది. ప్యాకేజీ ప్రయాణాల మీద ఐరోపా 2015లో చేసిన 2302 నంబరు ఆదేశం ప్రకారం, కొనేవారికి ఒప్పందానికి ముందే పాస్‌పోర్టు, వీసా అవసరాల గురించి సాధారణ సమాచారం ఇవ్వాలి. మేము ఇచ్చాం. బుకింగ్ కాగితం రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, "ప్రయాణికుడు చెల్లుబాటులో ఉన్న ప్రయాణ పత్రం కలిగి ఉండాలి" అని ఉంది. ఆ వాక్యం చదివి తన రెసిడెన్స్ కార్డే ప్రయాణ పత్రం అనుకున్నారాయన. తప్పు ఆ వాక్యం రాసిన నాది. "కలిగి ఉండాలి" అన్న మాటలో కూడా చిక్కుంది. ఆయనకు పాస్‌పోర్టు ఉంది, చెల్లుబాటులోనూ ఉంది, కాకపోతే చేతిలో లేదు.

రైలు ఖర్చులో సగం మేము భరించాం. బుకింగ్ ఫారంలో పాత వాక్యం తీసేసి, మొదటి పేజీలో పేరు కింద తెలుగులోనూ జర్మన్‌లోనూ రెండు ప్రశ్నలు పెట్టాం: "మీ పాస్‌పోర్టు పుస్తకం ఈరోజు ఎక్కడ ఉంది? ప్రయాణం రోజున మీ చేతిలో ఉంటుందా?" ఆ తర్వాతి నాలుగు నెలల్లో మొదటి ప్రశ్నకు "రెన్యూవల్‌కు ఇచ్చాం", "వీసాకు పంపాం", "అన్నయ్య లాకర్‌లో" అనే జవాబులు చాలాసార్లు వచ్చాయి. ఒకరు "హైదరాబాద్‌లో అమ్మ దగ్గర" అని రాశారు. ఆమె అంతకుముందు రెండుసార్లు రెసిడెన్స్ కార్డుతోనే పారిస్ వెళ్లి వచ్చారట.

డబ్లిన్ ప్రయాణం

జులై మొదటి వారంలో ఐర్లండ్ వీసాలు వచ్చాయి. అదే నెలలో క్లయింటు తల్లి గుంటూరు నుంచి కొడుకు దగ్గరకు వచ్చారు. ఇప్పుడు ముగ్గురూ డబ్లిన్ వెళ్లాలనుకున్నారు. పెద్దావిడ పాస్‌పోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. షెంగెన్ వీసా స్టిక్కర్ మీద ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో రాసే చోట "01" అని ఉంది. ఎక్కువసార్లకు అనుమతి ఉంటే అక్కడ "మల్ట్" అని ఉంటుంది. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. డబ్లిన్ విమానం ఎక్కిన క్షణాన ఆవిడ షెంగెన్ నుంచి బయటకు వెళ్లినట్టే, ఒక్కసారి ప్రవేశించే అనుమతి అప్పటికే వాడేశారు కాబట్టి మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగనివ్వరు. ఐర్లండ్ వీసా కూడా సాధారణంగా తాము నివసించే దేశం నుంచే పెట్టుకోవాలి. "అమ్మా, మీరు డబ్లిన్ వెళితే అక్కణ్నుంచి నేరుగా గుంటూరే వెళ్లాలి" అని చెప్పాను. ఆవిడ నవ్వి "అయితే వాడినే రమ్మను నాయనా" అని కొడుకుతో అన్నారు.

వాడు రావడం కూడా అంత తేలిక కాదు. డబ్లిన్‌లో చదివే భారతీయ విద్యార్థి దగ్గరున్న ఐరిష్ రెసిడెన్స్ పర్మిట్ షెంగెన్‌లోకి రావడానికి పనికిరాదు, అతనూ జర్మన్ వీసా తీసుకోవాలి. అన్నకు ఐర్లండ్ వెళ్లడానికి వీసా కావాలి, తమ్ముడికి జర్మనీ రావడానికి వీసా కావాలి. ఇద్దరూ యూరోపియన్ యూనియన్ దేశాల్లోనే ఉంటున్నారు. ఈ మాట విన్నవారు మొదట నమ్మరు.

ఆగస్టులో భార్యాభర్తలిద్దరూ డబ్లిన్ వెళ్లినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో అనుభవం బార్సిలోనా రోజుకు పూర్తిగా భిన్నంగా ఉంది. ఆన్‌లైన్ చెక్-ఇన్ బోర్డింగ్ పాస్ ఇవ్వకుండా కౌంటరుకు వెళ్లమంది. కౌంటరులో ఐర్లండ్ వీసా పేజీ తెరిపించి చూశారు. గేటుకు ముందు జర్మన్ పోలీసులు పాస్‌పోర్టుల మీద ముద్ర వేయకుండా రెసిడెన్స్ కార్డులు చూసి పంపారు. తిరిగి వచ్చేటప్పుడు డబ్లిన్ కౌంటరులో కార్డు, పాస్‌పోర్టు రెండూ అడిగారు. సరైన పత్రాలు లేని విదేశీయుణ్ని బయటి నుంచి షెంగెన్‌లోకి తీసుకొస్తే విమాన సంస్థకు జరిమానా పడుతుంది. 2001/51 ఆదేశం ప్రకారం సభ్యదేశాలు ఒక్కో ప్రయాణికుడికి కనీసం 3000 యూరోలైనా, లేదా గరిష్ఠ పరిమితి 5000కు తగ్గకుండానైనా దాన్ని నిర్ణయించాలి. అందుకే బయటి విమానాల దగ్గర అంత శ్రద్ధ ఉంటుంది. షెంగెన్ లోపలి విమానాలకు ఆ జరిమానా లేదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో గురువారం ఎవరూ అడగకపోవడానికి ఇదీ ఒక కారణమే.

డబ్లిన్‌కు బదులు పెద్దావిడను వియన్నా తీసుకువెళ్లారు. అది షెంగెన్ లోపలే కాబట్టి "01" వీసాతో ఇబ్బంది లేదు. అక్కడ ఎదురైంది పేరు చిక్కు. ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు రెండో గడిలో ఉంది. మన వైపు పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇలా ఉండడం కొత్తేమీ కాదు. కొడుకు సొంతంగా టికెట్ తీస్తూ తన ఇంటిపేరును ఆవిడ ఇంటిపేరు గడిలో పెట్టి, మిగతాది కింద కొట్టారు. పాస్‌పోర్టు కింద యంత్రం చదివే రెండు వరుసల్లో పేరు ఏ క్రమంలో ఉందో టికెట్‌లోనూ అదే క్రమం ఉండేలా చూడడం మా పద్ధతి. విమాన సంస్థకు ఫోన్ చేసి సరిచేయించాం. చెల్లింపు లేకుండానే మార్చారు, అందరూ అలా మార్చరు. ఆవిడ వీసా స్టిక్కర్ మీద పేరు కూడా పాస్‌పోర్టులాగే ఉంది కాబట్టి వియన్నాలో ఎవరూ ఏమీ అడగలేదు.

తమ్ముడి జర్మన్ వీసా సెప్టెంబరు రెండో వారంలో వచ్చింది, మల్టిపుల్ ఎంట్రీతో. తల్లి తిరుగు ప్రయాణానికి ఆరు రోజుల ముందు అతను ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాడు. టికెట్ మా దగ్గరే తీశారు. ఫారంలో "మీ పాస్‌పోర్టు పుస్తకం ఈరోజు ఎక్కడ ఉంది?" అన్న ప్రశ్న ఎదురుగా అన్నగారే తమ్ముడి తరఫున రాశారు: "వాడి జేబులో. ఇప్పుడే వీడియో కాల్‌లో తీయించి చూశాను."